మాట అప్పజెప్పుడు

నేను అన్నది ఐదే ఐదు మాటలు. "నా పేరు కూడా రాయి బావా." ఇందులో ఎవరి పేరూ తీసేయమని లేదు. మొగుణ్ణి వదిలేస్తానని లేదు. భూమి అమ్ముకుంటానని అసలే లేదు. కానీ పొద్దుగూకేసరికి ఈ మూడూ నేనే అన్నానని ఊరంతా నమ్మింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించిందీ లేదు.

అది 2008 ఎండాకాలం. మాది చర్ల దాటి అడవిలోకి పది కిలోమీటర్లు పోతే వచ్చే కోయ ఊరు. అరవై గడప ఉంటుంది. నేను ఆ ఊరి కోడల్ని, ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్ని, ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివినదాన్ని. పోడు భూములకు పట్టాలిచ్చే చట్టం వచ్చిందని ఆ ఏడు ఊరూరా కమిటీలు వేశారు. మా ఊరి కమిటీకి మా బావ రామకృష్ణ కార్యదర్శి. నా భర్త వీరబాబుకు సొంత అన్న. ఊళ్లో అందరి దరఖాస్తులూ ఆయనే రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, అది నేను కాదనను. ఆ ముత్యాలు ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియదు, అదే నా బాధ.

మా దరఖాస్తు వాగవతల ఉన్న మూడెకరాల చెలక గురించి. ఇల్లు విడిపోయినప్పుడు అది వీరబాబు వాటాకు వచ్చింది. పదకొండేళ్లుగా ఆ చెలకలో నా నడుం వంగింది. జొన్న వేసినా, కంది వేసినా, అడవిపందుల కోసం మంచె మీద పడుకుని డబ్బా కొట్టినా, ఇద్దరం కలిసే చేశాం. వీరబాబు కిరాయి ట్రాక్టర్ల మీద డ్రైవర్‌గా పోయిన రోజుల్లో నేనొక్కదాన్నే చేశాను. ఇది ఊరికంతా తెలుసు.

ఒక పొద్దున బావ దరఖాస్తు తెచ్చి వీరబాబు సంతకం కోసం మా అరుగు మీద పెట్టాడు. వీరబాబు స్నానం చేస్తున్నాడు. నేను కాయితం తీసుకుని చదివాను. దరఖాస్తుదారు పేరు, వీరబాబు. భార్య లేక భర్త పేరు అన్నచోట ఒక చిన్న గీత. పేరు లేదు, గీత ఉంది. పిల్లలిద్దరి పేర్లూ కింద రాసి ఉన్నాయి. అంటే ఆ కాయితం ప్రకారం నా పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడ్డారన్నమాట.

అంగన్‌వాడీకి వచ్చిన కరపత్రంలో చట్టం గురించి పెద్ద అక్షరాలతో వేసింది నేను చదివాను. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని అందులో ఉంది. నేనేమీ కొత్తగా కోరలేదు. ఉన్న గడిలో ఉండాల్సిన పేరు రాయమన్నాను. "నా పేరు కూడా రాయి బావా" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. చేతిలో చేట ఉంది, ఇప్పపువ్వు చెరుగుతున్నాను.

బావ నా వైపు చూసి, "అంటే, వీరబాబు పేరు తీసెయ్యమంటవా?" అన్నాడు.

ఆ 'అంటే' అన్న మాట చూశారా, ఊళ్లో తగాదాలన్నీ అక్కడే పుడతాయి. మీరు ఒకటంటారు. ఎదుటివాడు 'అంటే' అని ఇంకొకటి అంటాడు. మీరు అది కాదని మొదలుపెడతారు. అంతే, ఇక మీరు అన్నదాని సంగతి ఎవరికీ గుర్తుండదు. మీరు అననిదాని గురించే గంటసేపు మాట్లాడతారు, చెమటలు పడతాయి, ఓడిపోతారు. నేనూ అదే చేశాను. "వీరబాబు పేరు ఎందుకు తీస్తరు, ఎవరు తియ్యమన్నరు" అని గొంతు పెంచాను. గొంతు పెంచడమే తప్పయింది. పక్కింటివాళ్లకు వినపడింది 'వీరబాబు పేరు', 'తియ్యడం' అన్న రెండే.

బావ కాయితం మడిచి సంచిలో పెట్టుకుని, ఇంటి విషయాలు బజార్లో పెట్టకు అని నాకే బుద్ధి చెప్పి వెళ్లిపోయాడు.

గోరంతను కొండంత చేయడానికి మా ఊళ్లో ఎక్కువసేపు పట్టదు. బోరింగు దగ్గరికి నీళ్లకు పోతే, మొగుడి పేరు కొట్టేయించి భూమి తన పేర రాయించుకుంటుందట కళావతి అని ఒకామె నా ఎదురుగానే ఇంకొకామెతో అంది. మధ్యాహ్నం అంగన్‌వాడీకి పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన నా తోడికోడలు శ్యామల, బావ భార్య, గడప బయటే నిలబడి, పుట్టింటికి ఎప్పుడు పోతున్నావని అడిగింది. నేనెందుకు పోతాను అన్నాను. వదిలేస్తున్నావట కదా అంది. సాయంత్రం చర్ల సంత నుంచి వచ్చిన వాళ్లు, భూమి అమ్మి చర్లలో మేడ కడతానని నేను అన్నట్టు మోసుకొచ్చారు. చర్లలో మేడ! మా ఇంటికి తలుపే లేదు, వెదురు తడిక ఉంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, విన్నవాడు విన్నట్టే నమ్మాడు, ఇంకో మాట చేర్చి పక్కవాడికి ఇచ్చాడు. ఒక్కరు, ఒకే ఒక్కరు, "కళావతీ, నువ్వు ఏమన్నవు?" అని అడగలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు నీతులు చెప్పినవాళ్లు మాత్రం ముగ్గురు. నాకు చెంబు తీసుకుని ముగ్గుర్నీ కొట్టాలనిపించింది.

వీరబాబు ఇంటికొచ్చాడు. మొహం చూస్తేనే తెలిసింది, దారిలో నాలుగు వైపుల నుంచి నాలుగు మాటలు మోసుకొచ్చాడని. అతను అరిచే మనిషి కాదు. కాళ్లు కడుక్కుని, కూర్చుని, నన్ను తీసేయమన్నావా అని మాత్రం అడిగాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నమ్మాడు. అయితే, దరఖాస్తులు పై ఆఫీసుకు పోయేది ఎల్లుండి, ఇప్పుడు అన్నతో గొడవెందుకు, ఒక్క రోజు ఆగి మెల్లగా మాట్లాడదాం అన్నాడు.

"అంటే నేను సచ్చేదాక ఆగాల్నా?" అన్నాను.

అతను ఒక్క రోజన్నాడు, నేను చచ్చేదాకా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే అది కనపడుతోంది. అప్పుడు కనపడలేదు.

పోనీ అమ్మను ఒక మాట అడుగుదాం, ఆమె చెబితే అన్న వింటాడు అన్నాడు వీరబాబు. దానితో నాకు ఇంకా మండింది. అమ్మ అంటే మా అత్త జంపక్క. ఆమె సంగతి చెప్పాలి.

చట్టం ప్రకారం పట్టా కావాలంటే ఆ భూమిని పాతకాలం నుంచి దున్నుతున్నట్టు రుజువు చూపాలి. ఊళ్లో చాలామందికి రుజువు లేదు. మాకు ఉంది. 1994లో ఆ చెలకలో కలుపు తీస్తుండగా ఫారెస్టోళ్లు వస్తే మగవాళ్లందరూ అడవిలోకి ఉరికారు. అత్త ఉరకలేదు. మా ఆడబిడ్డ అప్పుడు ఏడేళ్లది, జ్వరంతో మంచె కింద పడుకుని ఉంది. పిల్లను వదిలి ఎట్లా ఉరుకుతుంది? అత్తను పట్టుకుపోయారు. పదకొండు రోజులు జైల్లో ఉంది. ఆమె మీద రాసిన కేసు కాయితం అన్నేళ్లూ ఇంటి కప్పులో వాసం సందున పాలిథిన్ కవర్లో చుట్టి దాచుకుంది. పదిహేను రోజుల కింద మేం రుజువు కోసం వెతుకుతుంటే ఆ కాయితం తీసి నా చేతికిచ్చింది. ఊళ్లో అందరి దరఖాస్తుల కన్నా మాది గట్టిది కావడానికి అదే కారణం. మేం ఆ భూమి దున్నుతున్నామని సర్కారే పద్నాలుగేళ్ల కింద రాసిపెట్టింది మరి.

అయితే కాయితం ఊరికే ఇవ్వలేదు. ఇస్తూ ఇస్తూ తన పేరు రాయాలని ఒక మెలిక పెట్టింది. నాకు వెంటనే అర్థమైంది. ఆడబిడ్డను ఛత్తీస్‌గఢ్ వైపు ఇచ్చారు. భూమంతా తన పేర రాయించుకుని రేపు కూతురికి కట్టబెట్టాలని ముసలిదాని ఎత్తు. అదే మాట నేను ఆమె మొహం మీదే అన్నాను. శ్యామలకు చెప్పాను, బోరింగు దగ్గర చెప్పాను, అంగన్‌వాడీలో ఆయాకు చెప్పాను. ఆ మర్నాటి నుంచి అత్త మా పొయ్యి మీద వండింది ముట్టడం మానేసింది. ఇంటి వెనక మూడు రాళ్లు పెట్టి తన అంబలి తనే కాచుకుంటోంది. దొరికిపోయింది కాబట్టి అలిగింది అనుకున్నాను.

అమ్మ గట్ల అని ఉండదేమో అన్నాడు వీరబాబు, నేల వైపు చూస్తూ. అంటే నేను అబద్ధమాడుతున్నానా అని నేను గయ్యిమన్నాను. అతను లేచి బయటికి పోయాడు.

నాకు దిక్కు తోచలేదు. ఎల్లుండి ఆ కాయితం గీతతోనే పోతుంది. పోయిన తర్వాత దాన్ని మార్చేవాడు లేడు. పదకొండేళ్ల నా చెమట అంతా కలిసి ఒక అంగుళం గీత అవుతుంది. కమిటీలో చెబుదామంటే కమిటీ అంటేనే బావ. అప్పుడు నాకు పగిడయ్య తాత గుర్తొచ్చాడు.

పగిడయ్య తాత మా ఊరి పాత పెద్ద. కమిటీలు, మైకులు, ఫైళ్లు రాక ముందు ఊళ్లో ఏ తగాదా అయినా ఆయన పందిరి కిందే తెగేది. ఆయనకు ఒక పద్ధతి ఉంది. ఇంకే ఊళ్లోనూ నేను చూడలేదు, ఆయన సొంతంగా పెట్టుకున్నదే అంటారు. తగాదా పడ్డ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో తన వెదురు కర్ర అడ్డంగా పెడతాడు. నీ మాట చెప్పుకోవాలంటే ముందు ఎదుటివాడి మాట వాడికి అప్పజెప్పాలి, బడిలో పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు. వాడు "అవ్, నేను గదే అన్న" అనాలి. అనేదాకా కర్ర లేవదు, నీ వంతు రాదు. సగం తగాదాలు అక్కడే ఆగిపోయేవట. అవతలివాడి మాట సరిగ్గా చెప్పడానికే పూట గడిచేది, చెప్పాక తిట్టడానికి ఏమీ మిగిలేది కాదు. కుర్రవాళ్లకు అది చాదస్తంగా కనపడి మానేశారు. ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి, చూపు మందగించింది.

నేను పోయి అడిగితే ఆయన నమ్మలేదు. ఈ రోజుల్లో నా పంచాయితీ ఎవరికి కావాలె బిడ్డా, కాయితాల పంచాయితీలే నడుస్తున్నయి కదా అన్నాడు. కాయితం మీద పంచాయితీయే తాతా, కానీ నీ కర్ర కావాలె అన్నాను. బావ పెద్దమనిషిని కాదనలేడని నాకు తెలుసు. చిన్నప్పుడు ఆయన భుజాల మీద తిరిగినవాడే.

మర్నాడు పొద్దున్నే ఇప్పపువ్వు ఏరుకుని వచ్చినవాళ్లు వచ్చినట్టే తట్టలతో పందిరి కింద చేరారు. అరవై గడపలో సగం అక్కడే ఉన్నారు. ముందు రోజు పంచిన ముచ్చటకు ముగింపు చూడాలి కదా, అందుకని. బావ ఫైళ్ల సంచితో వచ్చాడు. వీరబాబు ఓ మూల గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. అత్త అందరి వెనక, ఆడవాళ్ల చివర కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేదు.

పగిడయ్య తాత కర్ర మధ్యలో పెట్టి బావతో, "ముందు ఆమె మాట అప్పజెప్పు" అన్నాడు.

బావ నవ్వాడు. ఇంత చిన్నదానికి ఇంత తతంగమా అన్నట్టు చుట్టూ చూసి, తమ్ముడి పేరు తీసి తన పేరు రాయమన్నది అని చెప్పాడు. తాత నా వైపు తిరిగి, గట్లనే అన్నవా అని అడిగాడు. లేదు తాతా అన్నాను. కర్ర లేవలేదు. బావ గొంతు సవరించుకుని, సరే, భూమిలో సగం పంచమన్నది, దాని అర్థం గదే అన్నాడు. అర్థం కాదు, మాట చెప్పమన్నాడు తాత. నేను మళ్లీ లేదన్నాను. కర్ర లేవలేదు. అప్పుడు బావ మొహంలో నవ్వు పోయింది. నేను ఆయన కళ్లలోకే చూస్తున్నాను. ఆయన మర్చిపోలేదు. బాగా గుర్తుంది. నోటితో అనడానికే కష్టంగా ఉంది, ఎందుకంటే ఆ మాటలో కోప్పడాల్సింది ఏమీ లేదు.

తలవంచుకుని, "నా పేరు కూడా రాయి బావా అన్నది" అన్నాడు.

"అవ్. నేను గదే అన్న" అన్నాను.

తాత కర్ర ఎత్తాడు. బోరింగు దగ్గర నా మీద కథలు అల్లిన ఆమె అక్కడే ఉంది. నేను ఆమె వైపు తిరిగి కావాలనే చూశాను. ఆమె తట్టలో ఇప్పపువ్వు సర్దుకోవడం మొదలుపెట్టింది. నా కడుపులో ముందు రోజు నుంచి మండుతున్నది కొంచెం చల్లారింది. కొంచెమే.

తర్వాత బావ తన మాట చెప్పాడు. నలభై రెండు దరఖాస్తుల్లో భార్య పేరు దగ్గర గీతలే పెట్టాడట. ఒక్కటి మారిస్తే అన్నీ మార్చాలి, అందుకని దాటేశాడట. అదీ సంగతి. తన బద్ధకానికి నన్ను మొగుణ్ణి వదిలేసినదాన్ని చేశాడు. నా వంతు వచ్చినప్పుడు నేను ఆయన మాట అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆయన అవ్ అన్నాడు. ఇక వాదించడానికి ఏమీ లేదు. తాత రాయమన్నాడు. బావ సంచిలోంచి మా దరఖాస్తు తీసి, గీత మీద కళావతి అని రాశాడు. వెంటనే శ్యామల లేచి, మరి నాది అంది. ఆమె వెనక ఇంకో నలుగురు లేచారు. బావ చెమట తుడుచుకున్నాడు. గురివింద గింజకు తన కింద నలుపు ఇప్పటికి కనపడిందిలే అనుకున్నాను. ఎంత సంతోషంగా అనుకున్నానో.

అప్పుడు వెనక నుంచి అత్త లేచి నిలబడింది.

"పగిడన్నా, నా మాట ఒకటున్నది" అంది. ఎవరి మీద అని తాత అడిగాడు. కోడలి మీద అంది. చెప్పు అన్నాడు. ఆమె చెప్పనంది. "నేను జెప్ప. కాయితం చేతికిచ్చిన నాడు నేను ఏమన్ననో, ఆమెనే అప్పజెప్పమను."

తాత కర్ర తీసి మా ఇద్దరి మధ్య పెట్టాడు. అత్త వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నాకు భయం వేయలేదు. చికాకు వేసింది. గెలిచిన పూట ఈ ముసలిదానికి ఇదేం బుద్ధి అనుకున్నాను. నేనేమీ బావలా తడుముకోలేదు, గట్టిగానే చెప్పాను. భూమి తన పేరు మీద రాయమన్నది అన్నాను.

"కాదు" అంది అత్త.

రాయమన్నది నిజం, నేను నా చెవులతో విన్నాను. కాబట్టి రెండోసారి ఇంకొంచెం సర్ది, తన పేరు మీద రాస్తే బిడ్డకు ఇచ్చుకుంటానన్నది అన్నాను. జనంలో కొందరు తలలు ఊపారు. నేను పదిహేను రోజులుగా వాళ్లకు చెప్పింది అదే మరి.

"కాదు. నా బిడ్డ పేరు నేను ఎత్తనే లేదు" అంది.

మూడోసారి చెప్పడానికి నోరు తెరిచాను. గుర్తు చేసుకోబోయాను. ఆ రోజు నాకు అన్నీ గుర్తున్నాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అత్త కవరు విప్పడానికి ముడి దగ్గర అవస్థ పడుతోంది. నేను జల్దీ ఇవ్వమని చెయ్యి చాపాను. కాయితం మడతల దగ్గర చిరిగి ఉంది. ఆమె ఏదో అంటోంది. పేరు అన్న మాట విన్నాను. 'అంటే' అన్నాను. అంటే భూమంతా నీ పేర కావాల్నా అన్నాను, కూతురికి పెట్టడానికా అన్నాను, ఈ ఇంట్లో నేను చేసింది చాకిరేనా అన్నాను. నేను అన్నవి ఒక్కొక్కటీ గుర్తున్నాయి. ఆమె అన్నది ఒక్కటీ గుర్తు లేదు.

అసలు విననే లేదు. గుర్తుండటానికి.

పందిరి కింద అందరూ నన్నే చూస్తున్నారు. బావ కూడా. ఆయన మొహంలో వెక్కిరింపు ఉంటే బాగుండేది, కోప్పడటానికి ఒక మనిషి దొరికేవాడు. ఆయన చేతిలో పెన్ను పట్టుకుని నేల చూస్తున్నాడు. ఆ కేసు కాయితం నేను ఆయనకిచ్చినప్పుడు చిరిగిన ఆ మడతల మధ్య ఎవరి పేరు ఉందో చూసినవాడే. చూసి పిన్ను కొట్టి జత చేశాడు. ఆమెను ఒక మాట అడగాలని ఆయనకూ తట్టలేదు.

"నాకు తెల్వదు తాతా" అన్నాను.

తాత అత్త వైపు తిరిగాడు. అయితే నువ్వే చెప్పు జంపక్కా, ఆమె మళ్లీ అప్పజెబుతుంది అన్నాడు.

అత్త నన్ను చూసే చెప్పింది. కోపంగా చెప్పలేదు. పదిహేను రోజుల కింద ఎట్లా చెప్పి ఉంటుందో అట్లాగే చెప్పింది.

"సర్కారు కాయితంల నా పేరు ఒక్కపారే రాసిండ్రు, ముద్దాయి జంపక్క అని. గీ కాయితంల గూడ ఒక మూలకు రాయుండ్రి, ముద్దాయి అని లేకుంట. గింతే అన్న."

దూరంగా రోడ్డు మీద పోలీసుల జీపు పోతున్న చప్పుడు వినపడి ఆగిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఇంతకు ముందు వచ్చిన కోపాలన్నిటికీ ఎక్కడో ఒకచోట ఒక మనిషి ఉన్నాడు. బావ ఉన్నాడు, బోరింగు ఉంది, ఊరుంది. ఈ కోపానికి నేను తప్ప ఎవరూ దొరకలేదు. నా పేరు గీత అయిందని రెండు రోజులు ఊరంతా దులిపిన దాన్ని. జైలుకు పోయి ఆ భూమికి రుజువు తెచ్చిన మనిషికి నేను గీత కూడా పెట్టలేదు. పైగా ఆమె మీద కూతురికి దోచిపెట్టే కథ అల్లి, ఊళ్లో పంచాను. నా గురించి పుట్టిన కథ ఒక పూట తిరిగింది. ఆమె గురించి నేను పుట్టించింది పదిహేను రోజులు తిరిగింది. ఆమె ఎవరి దగ్గరికీ పోయి కర్ర పెట్టమని అడగలేదు. మూడు రాళ్లు తెచ్చుకుని పొయ్యి పెట్టుకుంది.

"అప్పజెప్పు బిడ్డా" అన్నాడు తాత.

మొదటిసారి ముద్దాయి అన్న మాట దగ్గర నా నోరు దాటేసింది. ఆమె పేరు ముందు ఆ మాట పెట్టి నా నోటితో అనడానికి నాకు సిగ్గేసింది. సర్కారు కాయితంల నా పేరు ఒక్కపారే రాసిండ్రు, గీ కాయితంల గూడ రాయుండ్రి అన్నది అని చెప్పాను.

"కాదు" అంది అత్త. "సక్కగ చెప్పు."

రెండోసారి మొత్తం చెప్పాను. మూలకు అన్న మాటతో సహా, ముద్దాయి అన్న మాటతో సహా.

"అవ్" అంది అత్త.

తాత కర్ర ఎత్తాడు. ఇప్పుడు నీ మాట చెప్పుకో బిడ్డా, నీ వంతు అన్నాడు. పదిహేను రోజులుగా ఊరికి చెప్పుకున్న నా దగ్గర ఆ పూట చెప్పుకోవడానికి ఏమీ లేదు. లేచి బావ దగ్గరికి పోయి చేతిలోంచి పెన్ను తీసుకున్నాను. ఆయన ఇచ్చాడు. కుటుంబంలోని ఇతర సభ్యులు అన్నచోట నా పిల్లల పేర్లు ఉన్నాయి. వాటి పైన సందు లేదు. అయినా వాటి పైనే, అక్షరాలు ఇరికించి, జంపక్క అని రాశాను. మూలకు రాయలేదు.

అత్త వచ్చి నా పక్కన కూర్చుని కాయితం చూసింది. ఆమెకు చదువు రాదు. దాని వెనక పిన్ను కొట్టి ఉన్న పాత కేసు కాయితం తిప్పి చూపించమంది. చూపించాను. నా పేరు ఏడున్నదో వేలు పెట్టు అంది. పెట్టాను. దాని ముందున్న మాట గదేనా అంది. అవ్ అత్తా అన్నాను. మళ్లీ కొత్త కాయితం తిప్పమంది. నేను రాసిన అక్షరాల మీద నా వేలు పెట్టించుకుని, వాటి ముందు ఖాళీగా ఉన్న చోట తన వేలు పెట్టింది.

"గీడ ఏం లేదు గద?"

"ఏం లేదత్తా."

ఆమె తల ఊపి లేచింది. పొయ్యి మీద అంబలి ఉందంటూ వెళ్లిపోయింది. దరఖాస్తు మర్నాడు పై ఆఫీసుకు పోయింది, మరుసటేడు పట్టా వచ్చింది. ఆమె మాత్రం ఇప్పటికీ ఆ మూడు రాళ్ల మీదే వండుకుంటుంది. మా పొయ్యి మీద వండింది తినమని నేను అడిగినప్పుడల్లా చూద్దాంలే అంటుంది. 'అంటే' అని నేను అడగను.